అంతర్గత ప్రేరణ తప్పనిసరి

నీలంపేట ప్రభుత్వ జూనియర్ కళాశాలకి అంతర్గత ప్రేరణ ఒక సోమవారం ఉదయం టపాలో వచ్చింది. కవరు మీద "అత్యవసరం" అని ఉండడంతో ప్రిన్సిపాల్ దేవరత్నం గారు దాన్ని ముట్టుకోకుండా బల్ల మీద పక్కకి జరిపారు. మధ్యాహ్నం భోంచేసి, కాస్త ధైర్యం వచ్చాక తెరిచారు. తెరిచాక అధ్యాపకులందర్నీ స్టాఫ్ రూముకి పిలిపించి, నిలబడి చదివారు.

"విద్యార్థులు మార్కుల కొరకు, ఉద్యోగముల కొరకు, తల్లిదండ్రుల భయము చేతను చదువుచున్నట్లు పరిశోధనలో వెల్లడైనది. ఇట్టి బాహ్య ప్రేరణ మిక్కిలి హీనమైనది. చదువుపై మక్కువతో చదువుటయే అంతర్గత ప్రేరణ. కావున డిసెంబరు మాసాంతమునకు ప్రతి విద్యార్థియు తనంతట తానుగా, ఎవరి ఒత్తిడియు లేకుండా, అంతర్గత ప్రేరణ పొంది తీరవలెను. పొందని విద్యార్థులపైనను, పొందించని అధ్యాపకులపైనను కఠిన చర్యలు తీసుకొనబడును."

కింద సంతకం విద్యార్థి ప్రేరణ సంచాలకులు డాక్టర్ చిదానందం గారిది. బొమ్మలు గీసే పిల్లలకి బహుమతి బిళ్ళలు పంచుతూ పోతే, బిళ్ళలు ఆగిన రోజున వాళ్ళు బొమ్మలు కూడా ఆపేస్తారని ఆయన ఎక్కడో చదివారు. ఆ ఒక్క మాట మీద ఒక పెద్ద గ్రంథం రాశారు. ఆ గ్రంథం చూసి ప్రభుత్వం ఆయన కోసం ఒక సంచాలకత్వం పెట్టింది. సంచాలకత్వం పెట్టాక ఏదో ఒక ఉత్తర్వు ఇవ్వాలి గనక ఆయన ఇది ఇచ్చారు.

లెక్కలు చెప్పే సత్యవేణి గారు చెయ్యెత్తారు. "తనంతట తానుగా ప్రేరణ రాకపోతే మనమేం చెయ్యాలి సార్?"

"వచ్చేలా చెయ్యాలండీ."

"మనం రప్పిస్తే అది తనంతట తాను వచ్చినట్టు ఎలా అవుతుంది?"

దేవరత్నం గారు కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. "ఆ సంగతి ఇందులో లేదండీ. ఇందులో లేని సంగతి గురించి మనం ఆలోచించడం అంత మంచిది కాదు."

మర్నాటి నుంచి కళాశాలలో మార్కులు, ర్యాంకు, ఉద్యోగం అనే మాటలు నిషేధించారు. "ఈ లెక్క పరీక్షలో వస్తుంది, రాసుకోండర్రా" అనడం సత్యవేణి గారికి అలవాటు. అది కూడా నేరమైంది. ఆ మాట వినపడకపోవడంతో వెనక బెంచీలవాళ్ళు ఇవాళ ముఖ్యమైనదేమీ జరగడం లేదనుకుని నిద్రపోయారు. వాళ్ళు ఏ భయమూ లేకుండా, ఎవరి ఒత్తిడీ లేకుండా నిద్రపోతున్నారని గమనించి దేవరత్నం గారు కొంత తృప్తిపడ్డారు.

వారం తిరక్కుండా ప్రేరణాధికారి వచ్చాడు. పేరు గవర్రాజు. అంతకుముందు మత్స్యశాఖలో చెరువుల్లో వదిలే చేపపిల్లల్ని లెక్కపెట్టేవాడు. ప్రాణమున్నవాటిని లెక్కపెట్టిన అనుభవం ఉందని అతన్ని డెప్యుటేషన్ మీద ఇక్కడికి వేశారు. నెమ్మదైన మనిషి. తన పని ఏమిటో తనకే సరిగ్గా అర్థం కాలేదు గనక, రాసిచ్చిన ప్రశ్న తప్ప వేరే ప్రశ్న అడిగేవాడు కాదు.

ఆ ప్రశ్న, "నువ్వెందుకు చదువుతున్నావు?"

ముందుగా సీనియర్ ఇంటర్ తవిటినాయుడు వెళ్ళాడు. "మా నాన్న తంతాడండి" అన్నాడు.

"బాహ్యం" అన్నాడు గవర్రాజు.

తర్వాత వెళ్ళినవాడు పోలీసు ఉద్యోగం అన్నాడు. ఇంకొకడు అమెజాన్ అడవి చూడాలన్నాడు. ఒకమ్మాయి, చదువు మానేస్తే పెళ్ళి చేసేస్తారంది. అందరూ బాహ్యమే. చివర్న రోహిణి వెళ్ళింది.

రోహిణి తల్లి జీడిపప్పు బట్టీలో గింజలు ఒలుస్తుంది. తండ్రి లేడు. ఇంటర్ తప్పితే పిల్లని కూడా బట్టీలో పెట్టేస్తానని మేనమామ ముందే చెప్పి ఉంచాడు. ఆ పిల్లకి లెక్కలంటే ఒక రకమైన పిచ్చి. సత్యవేణి గారు బోర్డు మీద లెక్క పూర్తిచేసి చేతికంటిన సుద్ద దులుపుకుంటుంటే, "మేడం, దీన్ని ఇంకోలా కూడా చెయ్యొచ్చేమో" అని లేచేది. తక్కిన క్లాసంతా మూలిగేది. గంట కొట్టాక కూడా ఆ పిల్ల బోర్డు వంకే చూస్తూ కూర్చుంటే, ఆయా వచ్చి తలుపేసుకోవాలి లెమ్మనేది.

"నువ్వెందుకు చదువుతున్నావు?"

రోహిణి చాలాసేపు ఆలోచించింది. "తెలీదండి" అంది.

గవర్రాజు తన దగ్గరున్న సూచనల పుస్తకం తిరగేశాడు. తెలీదు అన్నవాళ్ళని ఏమనాలో అందులో ఉంది. "నిష్ప్రేరణ" అన్నాడు జాలిగా. "అస్సలు ప్రేరణ లేకపోవడం. బాహ్యం కన్నా ఇంకా కింద."

ఈ కబురు ఊళ్ళోకి పాకిన మూడోనాటికి కళాశాల ఎదురుగా, టైర్ల కొట్టు మేడ మీద, "స్వయంప్రేరణ ట్యూటోరియల్స్" అనే బోర్డు లేచింది. అంతర్గత ప్రేరణ గ్యారంటీ. అక్కడ పొద్దున్నా సాయంత్రం పిల్లల్ని వరసగా నిలబెట్టి, "నేను చదువు కోసమే చదువుతున్నాను" అనిపించేవారు. "చదువు" అన్నచోట గొంతు వణకాలి, "కోసమే" అన్నచోట కిటికీలోంచి ఆకాశం వైపు చూడాలి. తవిటినాయుణ్ణి వాళ్ళ నాన్న తన్ని మరీ చేర్పించాడు.

రెండోసారి పిలిచినప్పుడు తవిటినాయుడు చూడ్డానికే వేరే మనిషి. "సార్, నాకు మార్కులొద్దు, ఉద్యోగమొద్దు. జ్ఞానం అనే సముద్రం ఒడ్డున..." అంటుండగానే కళ్ళు చెమర్చాయి. గవర్రాజు కూడా కదిలిపోయాడు. "చాలు బాబూ, చాలు. అంతర్గతం" అని వీపు తట్టి పంపించాడు. ఆ మధ్యాహ్నమంతా జ్ఞానసముద్రం ఒడ్డున జనం కిటకిటలాడారు.

మిగిలింది రోహిణి ఒక్కతే. సత్యవేణి గారు ఆ పిల్లని వరండాలో ఆపారు.

"చదువు కోసమే అని ఒక్క ముక్క చెప్పేస్తే నీ సొమ్మేం పోతుందే?"

"అదెలా మేడం? లెక్క చేసేటప్పుడు నాకు చదువు గుర్తుండదు."

"మరి ఎందుకు చేస్తావు?"

"మధ్యలో ఆగిపోయిందనుకోండి, అది తేలేదాకా నాకు అన్నం సయించదు."

"అబ్బ! అదేనే వీళ్ళు వెతుకుతున్నది! వెళ్ళి అచ్చం అలాగే చెప్పు."

రోహిణి వెళ్ళి అచ్చం అలాగే చెప్పింది. గవర్రాజు కళ్ళు మూసుకుని ఆలోచించి, "అంటే అన్నం సయించడం కోసం చేస్తావన్నమాట. ఆహార సంబంధమైన ప్రేరణ" అని తేల్చాడు. "పోన్లే అమ్మా, నిష్ప్రేరణ నుంచి బాహ్యానికి వచ్చావు. అభివృద్ధే."

జనవరిలో సంచాలకులు స్వయంగా నీలంపేట వచ్చారు. ఒక్కరు తప్ప అందరికీ అంతర్గత ప్రేరణ కలిగిన కళాశాల మరెక్కడా లేదట. మైదానంలో షామియానా వేశారు. చిదానందం గారు మెడలో దండతోనే మైకు ముందుకి వచ్చారు.

"ప్రియ విద్యార్థులారా! మీరు పవిత్రులు. మీ అంతరంగములలో వెలిగించబడిన దీపమును కాపాడుట ఇక మా బాధ్యత. మార్కు అను గాలి తగిలినచో ఆ దీపము ఆరిపోవునని నా గ్రంథమున నిరూపించబడినది. పరీక్షయన మార్కులే కదా! కావున అంతర్గత ప్రేరణ పొందిన వారెవ్వరును ఈ సంవత్సరము పబ్లిక్ పరీక్షలు వ్రాయనవసరము లేదని, వ్రాయనీయరాదని నిర్ణయించడమైనది. వారి హాల్ టిక్కెట్లు నిలుపుదల చేయబడును. బాహ్య ప్రేరణ గల అభాగ్యులు మాత్రమే పరీక్ష వ్రాయుదురు."

"పవిత్రులు" అన్న చోటే చప్పట్లు మొదలుపెట్టిన దేవరత్నం గారు, "నిలుపుదల" దగ్గరికి వచ్చేసరికి ఎలా ఆపాలో తెలియక కొడుతూనే ఉండిపోయారు. పిల్లలు ముందు ఈలలు వేశారు. పరీక్షల్లేవు! కాస్సేపటికి ఎవరో, "మరి పాసయినట్టా, తప్పినట్టా?" అన్నారు. ఈలలు ఆగిపోయాయి.

"పాసు, ఫెయిలు అనునవి బాహ్యములు" అని చెప్పి సంచాలకులు జీపెక్కారు.

మర్నాడు తెల్లారేసరికి గేటు దగ్గర తల్లిదండ్రులు గుమిగూడారు. అందరికంటే ముందు తవిటినాయుడి తండ్రి, కొడుకు చెయ్యి పట్టుకుని గవర్రాజు గది తలుపు తోశాడు.

"బాబూ, ఈడికి అదేటో లోపల్నించి వొచ్చే ఆసక్తి ఉందని రాసీసినారంట. మా వొంశంలోనే నేదు బాబూ అది! ఈడు పుట్టిన కాణ్ణించి సూస్తన్నాను. కర్ర పట్టుకుంటే గానీ పుస్తకం తియ్యడు. కావాలంటే మీ ఎదటే సూపిస్తాను." అంటూ కర్ర కోసం చుట్టూ చూశాడు.

"అవునండి" అన్నాడు తవిటినాయుడు హడావిడిగా. "నేనొట్టి దరిద్రుణ్ణండి. జ్ఞానం అంటే నాకు పడదండి."

"మొన్న సముద్రం ఒడ్డున నిలబడ్డావు కదయ్యా?" అన్నాడు గవర్రాజు నొచ్చుకుంటూ.

"ట్యూటోరియల్లో నిలబెట్టారండి!"

గవర్రాజుకి ఇదంతా తన వల్ల తేలేది కాదనిపించి సంచాలకత్వానికి ఫోన్ చేశాడు. అక్కడ కూడా అన్ని ఊళ్ళ నుంచీ ఇవే ఫోన్లు. రెండు రోజులు ఆలోచించి సంచాలకులు దారి చూపించారు. అంతర్గత ప్రేరణ తమకు లేదని నిరూపించుకున్నవారికి హాల్ టిక్కెట్ ఇవ్వవచ్చు. అయితే ఉత్త మాట నమ్మరాదు. "పరీక్ష లేకపోయినా చదువుతావా?" అని అడగాలి. జవాబు మనస్ఫూర్తిగా రావాలి.

ఎదురు మేడ మీద బోర్డు ఆ రాత్రికి రాత్రే మారి "లక్ష్యప్రేరణ ట్యూటోరియల్స్" అయింది. అదే మాస్టారు, అదే కిటికీ. ఇప్పుడు ఆకాశం వైపు చూడకూడదు. అడగ్గానే మొహం అసహ్యంగా పెట్టి, "ఛస్తే చదవనండి" అనాలి. పిల్లలకి ఇది నేర్పడం చాలా సులువైందని, ఫీజు తిరిగి ఇచ్చేయమని కొందరు తండ్రులు గొడవ చేశారు కూడా.

కళాశాల అంతా ఛస్తే చదవనంది. అలా రాష్ట్రమంతా ఛస్తే చదవనంది. తన పథకం ఇలా నేలకి అంటుకుపోతే ఇంకొకరైతే సెలవు పెట్టేవారు. చిదానందం గారు రెండో గ్రంథం రాశారు. నిజానికి బాహ్య ప్రేరణే గొప్పదనీ, లక్ష్యం లేని చదువు చుక్కాని లేని పడవ లాంటిదనీ, దీన్ని తాము మొదట్నుంచీ చెబుతూనే ఉన్నామనీ అందులో ఉంది. ఫిబ్రవరి మాసాంతమునకు నూటికి నూరు శాతం బాహ్య ప్రేరణ సాధించి తీరవలెనని మళ్ళీ ఉత్తర్వు వచ్చింది. మళ్ళీ మొదట్నుంచీ అందర్నీ అడగాలి. రోహిణిని కూడా.

"పరీక్ష లేకపోయినా లెక్కలు చేస్తావా అమ్మా?" అన్నాడు గవర్రాజు.

"చేస్తానండి."

అతను తల పట్టుకున్నాడు. "ఆ మాట అనకమ్మా. నీకు అన్నం సంగతి ఉంది కదా?"

"అన్నం కూడా తింటానండి."

"ఇంటర్ తప్పితే జీడి బట్టీలో పెడతారట కదా? ఆ భయంతో చదువుతున్నావని రాస్తాను. సరేనా?"

"భయం ఉందండి" అంది రోహిణి. "కానీ బట్టీలో పెట్టినా చేస్తాను. పెట్టకపోయినా చేస్తాను."

గవర్రాజు ఇంక ఏం చెయ్యగలడు? అంతర్గతం. హాల్ టిక్కెట్ నిలుపుదల. కళాశాల మొత్తానికి నిలుపుదల అయింది ఆ ఒక్క పిల్లదే.

ఆ సాయంత్రం సత్యవేణి గారు రోహిణిని వెతుక్కుంటూ వెళితే, ఖాళీ క్లాసులో ఆఖరి బెంచీ మీద కనిపించింది. ఎదురుగా పుస్తకం తెరిచి ఉంది గానీ చూడటం లేదు.

"నాకు హాల్ టిక్కెట్ ఇవ్వరట మేడం. మా మావయ్య సోమవారం నుంచే బట్టీకి రమ్మంటున్నాడు."

"ఒక్క అబద్ధం ఆడలేకపోయావా తల్లీ? మిగతా అందరూ రెండేసి ఆడారు."

"అబద్ధం ఆడకూడదని కాదు మేడం. ఆడదామనే వెళ్ళాను. ఆయన అడిగేసరికి, నిజంగానే పరీక్ష లేకపోతే చేస్తానా అని ఆలోచించాను. చేస్తాననిపించింది. నోట్లోంచి అదే వచ్చేసింది." పిల్ల ఎదురుగా ఉన్న పుస్తకం మూసేసింది. "నేను చేసిన తప్పేంటి మేడం?"

సత్యవేణి గారికి ఇన్నేళ్ళలో తనే స్వయంగా ఎంతమంది పిల్లలకి "పరీక్షలో వస్తుంది" అని చెప్పి లెక్కలు మింగించారో గుర్తొచ్చింది. ఆ మాట అక్కర్లేకుండా వచ్చిన పిల్ల ఈ ఒక్కతే. ఆ రాత్రి ఆవిడ నిద్రపోలేదు. మొదట కోపంతో. తర్వాత, తెల్లవారుజామున, ఒక ఉపాయం తట్టిన సంతోషంతో.

శుక్రవారం సంచాలకులు సమీక్షకి వచ్చారు. దేవరత్నం గారి గదిలో ఫ్యాను కింద కూర్చుని, నూటికి నూరు రాకపోవడం మీద మండిపడుతున్నారు.

"ఒక్క బాలిక! ఒక్క బాలిక వలన రాష్ట్ర శాతము పడిపోయినది!"

దేవరత్నం గారు నిలబడే ఉన్నారు. గవర్రాజు గోడకి అతుక్కుపోయాడు. సత్యవేణి గారు ముందుకి వచ్చి నమస్కారం పెట్టారు.

"నిజమే సార్. ఆ అమ్మాయి చాలా మొండిది. అంతర్గత ప్రేరణ ముదిరిపోయింది. అలాంటిదాన్ని ఊరికే వదిలిపెట్టడం మంచిది కాదు సార్."

దేవరత్నం గారు ఆశ్చర్యంగా చూశారు. సంచాలకులు మెత్తబడ్డారు. "ఏమి చర్య తీసుకొనవచ్చునని మీ అభిప్రాయము?"

"హాల్ టిక్కెట్ ఆపడం శిక్ష కాదు సార్, బహుమానం. ఆ పిల్లకి కావలసింది అదే. పరీక్షలు లేకుండా హాయిగా ఇంట్లో కూర్చుని లెక్కలు చేసుకుంటుంది. మీ మొదటి గ్రంథంలో మీరే రాశారు కదా సార్, అంతర్గత ప్రేరణకి పరీక్ష గొడ్డలిపెట్టని?"

"అవును. మూడవ అధ్యాయము."

"ఆ గొడ్డలితోనే కొట్టాలి సార్. అన్ని పేపర్లూ రాయించాలి. ఒక్కటి కూడా వదలకూడదు. బతిమాలినా వినకూడదు."

చిదానందం గారు కుర్చీలో నిటారుగా కూర్చున్నారు. తన గ్రంథం చదివిన మనిషి ఆయనకి ఇదే మొదటిసారి తగలడం. "చాలా శాస్త్రీయముగా ఉన్నది" అన్నారు. ఉత్తర్వు అక్కడికక్కడే తయారైంది. "నిరంతర అంతర్గత ప్రేరణకు పాల్పడిన కుమారి రోహిణి, క్రమశిక్షణా చర్యగా, పబ్లిక్ పరీక్షలన్నింటిని విధిగా వ్రాయవలెను. ఎట్టి మినహాయింపును ఇవ్వబడదు. శిక్ష అమలును ప్రేరణాధికారి స్వయముగా పర్యవేక్షించవలెను."

మేనమామకి సత్యవేణి గారే ఫోన్ చేసి చెప్పారు. ప్రభుత్వ శిక్ష అనుభవిస్తున్న పిల్లని పనిలో పెట్టుకుంటే బట్టీవాళ్ళకి కూడా ఇబ్బందేమోనని కాస్త భయపెట్టారు. ఆయన వెంటనే వెనక్కి తగ్గాడు.

మార్చి వచ్చింది. రోహిణి శిక్ష మొదలైంది. గవర్రాజు రోజూ పరీక్ష గది గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. తెలుగు, ఇంగ్లీషు రోజుల్లో శిక్ష బాగానే పడుతున్నట్టు కనిపించింది. పిల్ల మొహం వేలాడేసుకునే రాసింది. లెక్కల రోజున అతనికి కంగారు పుట్టింది. ప్రశ్నపత్రం చేతికందగానే రోహిణి మొహం వెలిగిపోయింది. తనలో తను నవ్వుకుంటోంది. ఒకచోట అరచేత్తో బల్ల మీద చరిచింది కూడా. పక్క వరసలో తవిటినాయుడు, తండ్రి కర్ర కళ్ళముందు కదలాడుతుంటే, చెమటలు కక్కుతూ రాస్తున్నాడు. శిక్ష ఎవరికి వేశారో చూసేవాళ్ళకి తెలిసేలా లేదు.

ఆఖరి అరగంటలో కిటికీలోంచి సంచాలకుల జీపు కనిపించింది. గవర్రాజు గబగబా వచ్చి రోహిణి దగ్గర వంగాడు.

"అమ్మా, ఆయనొస్తున్నారు. కాస్త ఏడుపు మొహం పెట్టమ్మా."

రోహిణికి వినపడలేదు. రెండు వృత్తాలు గీసి, వాటిని రెంటినీ తాకే గీత కోసం కొట్టుకుంటోంది. పుస్తకంలో ఉన్న పద్ధతి తెలుసు. కానీ మధ్యలో ఇంకో దారి కనపడింది, దాని వెంట పడిపోయింది. చిదానందం గారు దేవరత్నం గారితో గుమ్మంలో అడుగుపెట్టేసరికి గంట మోగింది. ఇన్విజిలేటరు వచ్చి పిల్ల చేతిలోంచి జవాబుల పేపరు లాగేసుకున్నాడు. రోహిణి, "ఒక్క నిమిషం సార్, వచ్చేస్తోంది, ఒక్క నిమిషం!" అంటూ లేచి నిలబడింది. పేపరు వెళ్ళిపోయింది. పిల్ల కూలబడి, రెండు చేతుల్లో మొహం దాచుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.

సంచాలకులు చాలాసేపు చూశారు. "గమనించితిరా?" అన్నారు గంభీరంగా. "చికిత్స ఫలించినది." మూడో గ్రంథానికి పేరు అక్కడే తట్టిందేమో, జేబులోంచి పెన్ను తీసుకుంటూ జీపు వైపు నడిచారు. దేవరత్నం గారు వెనకే పరిగెత్తారు.

సత్యవేణి గారు వచ్చేసరికి రోహిణి వరండా మెట్ల మీద కూర్చుని ఉంది. కళ్ళు ఇంకా తడిగానే ఉన్నాయి. ప్రశ్నపత్రం వెనక్కి తిప్పి, మోకాలి మీద పెట్టుకుని, మళ్ళీ రెండు వృత్తాలు గీస్తోంది.

"మిగతావన్నీ రాశావా?" అన్నారు ఆవిడ.

"రాశాను మేడం. ఇదొక్కటే సగం." తల ఎత్తకుండానే చెప్పింది.

సత్యవేణి గారు గట్టిగా ఊపిరి వదిలి పక్కన చతికిలబడ్డారు. ఇంటర్ గట్టెక్కినట్టే. బయట జీపు బయల్దేరడానికి సిద్ధమై రెండుసార్లు హారన్ కొట్టింది. అందులో గవర్రాజు కూడా వెళ్ళాలి. అతను మెట్ల దగ్గర ఆగిపోయాడు. పిల్ల భుజం మీదుగా కాగితం వైపు చూస్తున్నాడు. హారన్ మళ్ళీ మోగింది.

"మీరు పదండి సార్, నేను బస్సులో వచ్చేస్తాను" అని గేటు వైపు కేకేసి, అతను చెప్పులు పక్కన విడిచి, కింది మెట్టు మీద కూర్చున్నాడు.

"ఈ గీత ఇక్కణ్ణుంచి ఎందుకు తీశావమ్మా?" అన్నాడు.

రోహిణి కాగితం అతని వైపు తిప్పింది.